మా బావ గొంతూ, దొరసాని పాలూ

మా బావ మొగిలికి బామ్ని ఊళ్ళో పద్నాలుగు బర్రెలు, ఒక భార్య, ఒక కూతురు ఉండేవాళ్ళు. ఈ వరుస నాది కాదు, ఆయనదే. ఎవరైనా "ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడిగితే ముందు బర్రెల సంగతి ఎత్తుకునేవాడు. ఏది సూడిది, ఏది ఈనింది, ఏది అలిగింది, ఏది ఊరికే అలిగినట్టు నటిస్తోంది, అన్నీ చెప్పేవాడు. అడిగినవాడు సైకిలెక్కి పోబోతుంటే వెనక నుంచి కేకేసి, "ఆఁ, అర్చనోళ్ళ అమ్మ గూడ మంచిగనే ఉంది" అనేవాడు.

అర్చన ఆ కూతురు. ఆ అర్చనోళ్ళ అమ్మ మా అక్క మల్లమ్మ. నాకు ఒళ్ళు మండదా మరి?

నా పేరు ఎల్లేష్. ఆ రోజుల్లో పక్కనే ఉన్న బల్లార్పూర్ పట్నంలో, స్టేషన్ రోడ్డులో నాకు క్యాసెట్ల దుకాణం ఉండేది. పాటలు నింపి ఇచ్చేవాణ్ణి, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాణ్ణి. బావను వెక్కిరించే హక్కు బామ్మర్దికి పుట్టుకతోనే వస్తుంది. దాన్ని నేను ఒక్క రోజు కూడా వృథా చెయ్యలేదు. ఒకే ఒక్కసారి నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను.

బావ వాళ్ళ తాతలు ఆదిలాబాద్ వైపు నుంచి బర్రెల వెంట నడుచుకుంటూ వచ్చారట. బర్రెలు వార్ధా నది చూసి నీళ్ళలోకి దిగి ఇక లేవనన్నాయి. అవి లేచేదాకా ఆగుదామని వీళ్ళు గుడిసె వేసుకున్నారు. అలా మహారాష్ట్రవాళ్ళయిపోయారు. రాష్ట్రం ఏదో ఎవరూ చూసుకోలేదు. మా బావకు మరాఠీ బాగానే వచ్చు, సంతలోనూ ఆఫీసుల్లోనూ దంచి కొట్టేవాడు. బర్రెలతో మాత్రం తెలుగే. ఒకసారి పశువుల డాక్టరు దొరసాని వీపు నిమురుతూ మరాఠీలో బుజ్జగిస్తే అది ఆయన చొక్కా జేబు నమిలింది. బావ తప్పంతా డాక్టరుదే అన్నాడు. "దానికి తెల్వని బాసల మాట్లాడితే ఏమనుకుంటది? తిడుతుండు అనుకుంటది."

దొరసాని అంటే ఆయన బర్రెల్లో పెద్దది, పాలలో మొదటిది, పొగరులోనూ మొదటిదే.

పెళ్ళిలోనే మాకు అర్థమై ఉండాల్సింది. అక్క మెడలో పుస్తె కట్టి ఇంకా మూడో ముడి సరిగ్గా బిగించాడో లేదో, దొరసాని తల్లికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. పెళ్ళికొడుకు బాసికంతోనే పరుగెత్తాడు. మూడో రోజు గిన్నెడు జున్నుతో తిరిగొచ్చాడు. మా అమ్మ జున్ను రుచి చూసి అల్లుణ్ణి క్షమించింది. అక్క ఆ రోజు నుంచి ఈ రోజు వరకు జున్ను ముట్టలేదు.

మనుషులతో బావది పొదుపు మాట. అక్కను పిలవాలంటే "ఇగో" అంటాడు, అంతే. పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ పేరు "ఇగో". అదే బర్రెలను పిలిచేటప్పుడు చూడాలి. నది ఒడ్డున నిలబడి, పెదాలు కలిపి డుర్ర్ర్ మని ఒక చప్పుడు చేసి, ఆ తర్వాత ఎత్తుకునేవాడు: "ఓ...య్ దొరసానీ! రావే నా బంగారూ... రావే నా ఎన్నెలా... అలిగినవా నా తల్లీ... నువ్వు లేకుంటే నాకెవలున్నరే..." పద్నాలుగు తలలు నీళ్ళలోంచి ఒక్కసారిగా లేచేవి. ఒడ్డున బట్టలుతుకుతున్న అక్క ఆ మాటలు వినీ విననట్టు బట్టను ఇంకో నాలుగు బాదులు ఎక్కువ బాదేది.

ఇక ఆయన గొప్ప ఒకటుండేది. "నేను ఒక్క పూట లేకుంటే నా బర్రెలు ఆగమైతయి." రోజుకు రెండుసార్లు వినేవాళ్ళం, పాలు పిండేటప్పుడల్లా.

అప్పుడే దేశంలో కొత్త గాలి వీస్తోందని అందరూ అనుకుంటున్నారు. కాగితం మిల్లు కాలనీలో రాధాకృష్ణ గారని ఒక ఇంజనీరు ఉండేవాడు, కోస్తా వైపు మనిషి, బావ దగ్గరే పాలు పోయించుకునేవాడు. ఆయన పేపరు మడిచి, "దేశం తలుపులు తెరిచేశారు మొగిలీ, ఇక ఎవరైనా లోపలికి రావచ్చు" అని వివరించబోయాడు. బావ ఆలోచించి, "తలుపులు తెరిస్తే ముందు లోపటియి బయటికి పోతయి సారూ. మా కొట్టంకాడ రోజు గట్లనే అయితది" అన్నాడు. ఇంజనీరు గారు పేపరు విప్పి మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు.

ప్యాకెట్ పాలు వచ్చాయి. బావ ఒక ప్యాకెట్‌ను వేలితో నొక్కి చూసి, "దీని తల్లెవలో దీనికే తెల్వది, పాపం" అని జాలిపడ్డాడు. ఆ తర్వాత కేబుల్ టీవీ వచ్చింది. అదే మా బావ కొంప ముంచింది.

తొంభై ఆరు ఎండాకాలం. సాయంత్రం మందను ఇంటికి తోలుకొచ్చేటప్పుడు బావ దొరసాని మీద కూర్చుంటాడు. అయితే తోక వైపు తిరిగి కూర్చుంటాడు. దారి దొరసానికి తెలుసు, వెనక వచ్చే పదమూడింటి సంగతి ఎవరు చూస్తారని ఆయన లెక్క. పదేళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. ఆ రోజు మధ్యాహ్నం పోశం అనే కుర్రాడు ఊరికి కేబుల్ తెస్తూ, కోమటాయన మేడ నుంచి ఎదురింటికి వైరు కట్టాడు. కొంచెం కిందికి జారింది. వెనక్కి తిరిగి కూర్చున్నవాడికి ముందున్న వైరు ఎలా కనబడుతుంది? అది సరిగ్గా బావ మెడ వెనక తలపాగా కింద దూరింది. దొరసాని ముందుకు పోయింది. బావ అక్కడే ఉండిపోయాడు, ఒక్క క్షణం, గాలిలో.

ఆ తర్వాత కింద పడ్డాడు. ఎడమ తొడ ఎముక విరిగింది. వెనక వచ్చిన పదమూడు బర్రెలూ ఒక్కొక్కటిగా ఆయన్ని వాసన చూసి, పక్కనుంచి తప్పుకుని ఇంటికి పోయాయి. ఆటోలో చంద్రాపూర్‌కు తీసుకుపోతుంటే అంత నొప్పిలోనూ అదే చెప్పాడు. "ఒక్కటి గూడ తొక్కలే బామ్మర్దీ! మనుషులైతే తొక్కుదురు."

దవాఖానలో కాలికి బరువులు వేలాడదీశారు. మూడు వారాలు కదలకూడదు, ఆ తర్వాత సిమెంటు కట్టు, మొత్తం నెలన్నర అన్నాడు డాక్టరు. "గప్పటిదాంక బర్రెలనెవలు జూస్తరు?" అని బావ అడిగితే, పెళ్ళాం ఉంది కదా అన్నాడాయన. బావ తల అడ్డంగా ఊపాడు. "ఆమె మనుషుల్ని జూస్తది సారూ."

నిజమే అయింది. దొరసాని ఈని నెల కూడా కాలేదు. దూడను విడిచి, అది నాలుగుసార్లు గుద్దాక బర్రె పొదుగులోకి పాలు వదలాలి. దాన్నే చేపడం అంటాం. దొరసాని చేపనంటే చేపనంది. అక్క పొదుగు నిమిరింది, తవుడు పెట్టింది, బతిమాలింది, తిట్టింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే. (ఈ సామెత బావకు నచ్చదు. "దున్నపోతుకు వానంటే ఎంత పానమో గా సామెత జెప్పినోనికి ఏం తెల్సు" అంటాడు.) మిగతావి అలుగుతూనే కొద్దిగా ఇచ్చాయి. దొరసాని పొదుగు మాత్రం బిగిసి రాయి అయింది. ఇలాగే ఇంకో వారం పోతే పాలు ఎండిపోతాయి, పొదుగు వాచి మొత్తానికే చెడుతుంది. దొరసాని పోతే బావ బతకడని అక్కకు తెలుసు. అందుకే మూడో రోజు పొద్దున ఆవిడ బావ ధోవతి కట్టి, చొక్కా తొడిగి, తలపాగా చుట్టి, ఆయన బీడీ ఒకటి వెలిగించి నోట్లో పెట్టుకుని కొట్టంలోకి పోయింది. దగ్గు నటించాల్సిన పని లేకుండా పోయింది, బీడీయే దగ్గించింది.

ఖర్మ కాలి, పాలు రాలేదేమని అడగడానికి రాధాకృష్ణ గారు అప్పుడే స్కూటర్ మీద దిగాడు. "ఏం మొగిలీ, అప్పుడే వచ్చేశావా! కాలెలా ఉంది?" అన్నాడు గుమ్మంలోంచి.

అక్క వెనక్కి తిరగలేదు. గొంతు లావు చేసి, "మంచిగుంది సారూ" అంది.

"డాక్టరు నెలన్నర అన్నాడని విన్నానే!"

"పెద్ద డాక్టరు, గొప్పోడు" అంది అక్క. అర్చన నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని గోడ వెనక్కి పారిపోయింది. తొడ ఎముకను మూడు రోజుల్లో అతికించే డాక్టరు చంద్రాపూర్‌లో ఉన్నాడని ఆ సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. దొరసాని మాత్రం మోసపోలేదు. చొక్కా వాసన చూసింది, మనిషి మొహం చూసింది, చెంబును ఒక్క తన్ను తన్నింది.

అప్పుడు నాకు తట్టింది. నేనున్నది క్యాసెట్ల వ్యాపారంలో కదా! మంచి కంపెనీ క్యాసెట్ ఒకటి, పెద్ద టేప్‌రికార్డర్ ఒకటి చంకన పెట్టుకుని, అక్కను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

వార్డులో ఇరవై మంచాలు. బావ మంచం మీద రికార్డర్ పెట్టి, ఎర్ర మీట నొక్కి, "ఊఁ, పిలువు బావా" అన్నాను.

బావ రికార్డర్‌ను చూశాడు. నన్ను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "దొరసానీ, నేను మొగిలిని. ఇక్కడ మంచిగున్న. అక్కడ నువ్వు మంచిగున్నవని తలుస్తున్న" అని ఉత్తరం చదివినట్టు చదివాడు.

"గట్ల కాదు బావా! నది కాడ పిలిచినట్టు పిలువు."

"ఎదురుంగ బర్రె లేకుంటే ఎట్ల పిలుస్తర్రా? డబ్బను జూసి ఎన్నెలా అంటే నోట్లకెల్లి వస్తదా?"

ఐదుసార్లు మీట నొక్కాను, ఐదుసార్లు ఆపాను. ఆరోసారి బావ పైకప్పు కేసి చూసి, సిగ్గుగా, "ఇగో" అన్నాడు. అక్క తలెత్తింది. "నువ్వు గా స్టూలు మీద కూసో. నిన్ను జూసుకుంట పిలుస్త."

"నేనేమన్న బర్రెనా?" అంది అక్క.

"కాదు. అయినా కూసో."

అక్క కూర్చుంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఫోటో దిగేటప్పుడు కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చుంది. బావ ఆవిడ మొహంలోకి చూశాడు. పదిహేనేళ్ళలో ఆయన ఆవిడను అంతసేపు చూడటం నేను చూడలేదు. డుర్ర్ర్ మన్నాడు. ఎత్తుకున్నాడు.

"ఓ...య్! రావే నా బంగారూ... రావే నా ఎన్నెలా... అలిగినవా నా తల్లీ... నువ్వు లేకుంటే నాకెవలున్నరే... రా... రా..."

వార్డులో తలకు కట్టుకట్టిన ముసలాయన లేచి కూర్చున్నాడు. నర్సు సూది చేత్తో పట్టుకుని ఆగిపోయింది. మాట ఒక్కటి అర్థం కాని మరాఠీ ఆడవాళ్ళు కూడా అక్క మొహం చూసి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అక్క చెవుల దాకా ఎర్రబడింది. "సాలు, సాలు" అంటుంది గాని స్టూలు మీద నుంచి లేవదు. నేను మీట మీద వేలు పెట్టుకుని, టేపు పూర్తయ్యేదాకా బావను ఆపలేదు. వెక్కిరించడానికి ఒక్క మాట దొరకలేదు నాకు.

ఆ సాయంత్రం కొట్టం గూట్లో రికార్డర్ పెట్టి మీట నొక్కాం. దొరసాని చెవులు నిక్కబొడుచుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. పొదుగు వదులైంది. "మామా, ఝాలం, అయింది! చేపింది, చేపింది!" అని అర్చన మరాఠీ తెలుగు కలిపి గంతులేసింది. అక్క పాలు పిండుతూ టేపుతో పాటు పెదాలు కదిపింది. మొత్తం ఆవిడకు కంఠస్థం అప్పటికే.

ఆ నెలన్నరలో క్యాసెట్టే ఆ ఇంటి యజమాని. పొద్దున పాలకు, మధ్యాహ్నం నది నుంచి పిలవడానికి, సాయంత్రం మళ్ళీ పాలకు. అర్చన రికార్డర్‌ను నెత్తిన పెట్టుకుని నది ఒడ్డుకు పోతే మంద లేచి వచ్చేది. నేను ఒక పొరపాటు చేశాను. జాగ్రత్త కోసం ఒక నకలు తీసి, సరిగ్గా వచ్చిందో లేదో అని నా దుకాణం బయటి పెద్ద స్పీకరు డబ్బాల్లో పెట్టి విన్నాను. అక్క అదే రోజు టీకాలు వేయించడానికి మందను బల్లార్పూర్ తోలుకొచ్చిందని నాకేం తెలుసు? "రావే నా బంగారూ" అని నా డబ్బాలు అరిచిన రెండు నిమిషాలకు స్టేషన్ రోడ్డు మీద పద్నాలుగు బర్రెలు. ఆటోలు ఆగాయి. అరటిపళ్ళ బండి ఖాళీ అయింది. దొరసాని దుకాణంలోకి సగం వచ్చి డబ్బాను ఆప్యాయంగా నాకి, కొత్త పాటల వరుస మీద పేడ వేసింది. నకలు ఆ రోజే చెరిపేశాను.

బావ చంకకర్రలతో తిరిగొచ్చిన రోజు ఇంటి ముందు పది మంది పోగయ్యారు. ఆటో దిగుతూనే, ఇంట్లోకి కూడా పోకుండా, కొట్టం ముందు నిలబడి డుర్ర్ర్ మని పిలిచాడు. నెలన్నర కోరిక అంతా గొంతులో ఉంది.

దొరసాని ఆయన్ని చూసింది. తర్వాత గూట్లో ఉన్న రికార్డర్ వైపు తిరిగి, అది ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూసింది. మిగతా పదమూడూ అటే తిరిగాయి.

నవ్వొచ్చింది. కాదని ఎందుకు అబద్ధమాడాలి? బావ మొహం చూశాక ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఆయన మంచం మీద కూలబడ్డాడు. "నా గొంతే నాకు సవితి అయింది బామ్మర్దీ" అన్నాడు.

ఎనిమిది రోజులు ఆయనకూ ఆయన గొంతుకూ యుద్ధం. రికార్డర్ వెనక దాక్కుని పిలిచాడు, బర్రెలు రికార్డర్‌ను నాకాయి. టేపు కన్నా గట్టిగా అరిచాడు, దూడ బెదిరింది. "ఇన్నేండ్లు సాకితే డబ్బ పాలైతరా, సిగ్గులేనియి!" అని తిట్టాడు. చివరికి ఓడిపోయి, తిండి మానేసి, రికార్డర్ బ్యాటరీలు ఎండలో ఆరబెట్టే పనికి దిగాడు. "ఇగ నాతోటి ఈ ఇంట్ల ఏం పని? నేను లేకున్న అన్ని నడుస్తున్నయి." ఆ గొప్పల మనిషి నోట ఆ మాట విని నాకు నిజంగా బాధ వేసింది. ఆయన ఒక్క పూట లేకపోతే ఆగమవుతాయన్న నమ్మకం మీదే నిలబడిన బతుకది.

తొమ్మిదో రోజు సాయంత్రం పాల వేళకు నేనక్కడే ఉన్నాను. బావ రికార్డర్ మూత తెరిచాడు. లోపల క్యాసెట్ లేదు.

"క్యాసెటేది?" అన్నాడు.

"తీసిన" అంది అక్క, చెంబు కడుగుతూ.

"మరి దొరసాని?"

"నువ్వున్నవు గద. పిలువు."

బావ పళ్ళు బిగించి పిలిచాడు. బంగారూ అన్నాడు గాని, దొంగను పట్టుకున్నవాడు పిలిచినట్టుంది. ఆ మొదటి పిలుపు తప్పాక అలాగే పిలుస్తున్నాడు, ఆయనకే తెలియదు. దొరసాని మొహం తిప్పుకుంది. అక్క చెంబు కింద పెట్టింది. వచ్చి దొరసాని పక్కన పీట వేసుకుని, దవాఖానలో కూర్చున్నట్టే కొంగు కప్పుకుని కూర్చుంది.

"బర్రెను జూడకు. నన్ను జూసి పిలువు."

"ఎల్లేషు ఉన్నడు" అన్నాడు బావ, మెల్లగా.

"ఉంటే ఉండనీ. నాడు ఇరవై మంచాల మంది లేరా?"

నేను గోడకున్న పిడకలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బావ చంకకర్రలు పక్కన పెట్టాడు. నా పిడకల లెక్క నలభై దాటింది. తర్వాత డుర్ర్ర్ మంది. తర్వాత ఆ గొంతు, టేపులో ఉన్న గొంతే, ఇంకా కొంచెం వణుకుతూ: "రావే నా బంగారూ... అలిగినవా... నువ్వు లేకుంటే నాకెవలున్నరే..." చెంబులో మొదటి ధార చుయ్యిమన్న చప్పుడు విని తిరిగి చూశాను. దొరసాని కళ్ళు మూసుకుని నెమరేస్తోంది. బావ ఏడుస్తున్నాడు. అక్క నవ్వుతోంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాలు పిండాలంటే ముగ్గురుండాలి: బర్రె, బావ, ఎదురుగా అక్క. దొరసాని పోయి దాని కూతుళ్ళు వచ్చినా అదే పద్ధతి. అక్క ఏ పెళ్ళికో కోఠారి ఊరికి పోవాల్సి వస్తే పొద్దుటి పాలయ్యాక బయలుదేరి సాయంత్రం పాలకు వచ్చేయాల్సిందే. "ఆమె ఒక్క పూట లేకుంటే నా బర్రెలు ఆగమైతయి" అని బావ ఊరంతా చెప్పుకుంటాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అంటే ఇప్పటికీ బర్రెల సంగతే ముందు చెబుతాడు, ఆ బుద్ధి మారలేదు.

అంతా సర్దుకున్నాక ఒక వారానికి పోయి అక్కను క్యాసెట్ అడిగాను. అది నా దుకాణం సరుకు, మంచి కంపెనీది. పైగా గిరాకీ వేళ.

"అక్కా, ఇగ బర్రెలకు పని లేదు గద, గా క్యాసెట్ ఇయ్యి. పాటలు నింపుకుంట."

అక్క చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"అది బర్రెలది కాదురా" అంది. "నాది."